యూజురు నాటకమునందలి భాష

జపాను నాటకకర్త కినోషిత జుంజి (1914–2006) ప్రసిద్ధి కెక్కినది 1949వ సంవత్సరమున వెలువడిన 'యూజురు' చేత. తన ప్రాణము గాచిన యోహ్యో యను పల్లెవానికి భార్యయై వచ్చిన బెగ్గురుపక్షి, త్సూ యను పేరఁ దన యీఁకలతో వస్త్రము నేయుట ప్రాఁత జానపదకథయే. కవికల్పన వేఱు. ఆ వస్త్రముచే ధన మార్జింపఁ గోరి వచ్చిన యిరువురి మాటలు త్సూకు బోధపడవు; పెదవులు కదలుట మాత్రమే కానవచ్చును. పిదప భర్తయు ధనము మాట యెత్తఁగా నాతని పలుకులును దుర్బోధము లగును.

త్సూ పలుకునది శిష్టభాష. తక్కినవారిది, పెక్కు మాండలికములఁ గూర్చి కవి నిర్మించిన పల్లెభాష. గ్రామ్యమును నిందించుటకే యీ యేర్పాటని తలఁపరాదు. యోహ్యోయుఁ బల్లెభాషనే యాడును. వాఁడు నిష్కపటుఁడై యున్నంతకాలము వాని మాట యామెకు సుబోధమే. దోషము లోభమునందుఁ గలదు, మాండలికమునందు లేదు. శిష్టగ్రామ్యవివాదము నెఱిఁగిన మనవారి కిది గమనింపఁదగిన విషయము.

లోభమును జానపదకథలోఁ బరీక్షించిన యీతఁడే 1970వ సంవత్సరమున టోక్యో యుద్ధాపరాధవిచారణను నాటకవస్తువుగాఁ గైకొనెను. త్సూ పాత్రను నటి యమమొతొ యసుయె వేయిమార్లకుఁ బైగా ధరించినది.