డెస్క్‌టాప్ అనువర్తనాల్లో నేపథ్య పనులు

ఎక్కువసేపు పట్టే పనిని వేరే థ్రెడ్‌లో (ప్రోగ్రాములో విడిగా నడిచే ఆదేశాల వరుసలో) నడిపి, తెర స్తంభించకుండా చూసే పద్ధతి. విండోస్, జావా స్వింగ్, క్యూటీ వంటి వాటిలో బటన్లూ పట్టికలూ సాధారణంగా ఒకే థ్రెడ్ అధీనంలో ఉంటాయి; అదే తెర థ్రెడ్. మౌస్ నొక్కులు, కీబోర్డు అక్షరాలు వరుసకట్టి దాని దగ్గరికే వస్తాయి.

గుంటూరు మిర్చి యార్డులో సరుకు ముంచెత్తే రోజున, కమీషన్ వ్యాపారి గుమస్తా సీజన్ మొత్తం లాట్ల లెక్క తీయమని కంప్యూటర్ని అడిగాడనుకుందాం. ఆ లెక్క తెర థ్రెడ్‌లోనే సాగితే, అది తేలేదాకా ఒక్క కాటా చీటీ కూడా ఎక్కదు. విండో 5 సెకన్లకు మించి పలక్కపోతే విండోస్ దాని నెత్తిన ‘నాట్ రెస్పాండింగ్’ అని రాస్తుంది. విసుగెత్తి మూసేస్తే, భద్రం చేయని పద్దులు పోతాయి.

పనిని పక్క థ్రెడ్‌కి అప్పగించడం తేలికే. చిక్కంతా ఫలితాన్ని తెరకెక్కించడంలో ఉంది. పక్క థ్రెడ్ పట్టికను నేరుగా ముట్టుకోకూడదు. ముట్టుకుంటే ఒక్కోసారి ఏమీ కాదు, ఒక్కోసారి ప్రోగ్రామే కూలుతుంది. పరీక్షల్లో దొరక్కుండా రద్దీలో బయటపడే మొండి తప్పు ఇది. ఫలితాన్ని తెర థ్రెడ్ వరుసలోనే వేయాలి. ఇందుకు డాట్‌నెట్ 2.0 (2005) బ్యాక్‌గ్రౌండ్‌వర్కర్‌ను, జావా 6 (2006) స్వింగ్‌వర్కర్‌ను ఇచ్చాయి. సి షార్ప్ 5 (2012) తెచ్చిన అసింక్, అవెయిట్‌లతో రాత ఇంకా సులువైంది.

రద్దు చేయాలంటే థ్రెడ్‌ను బలవంతంగా చంపకూడదు. డేటా సగంలో చెడుతుంది. ఆపమన్న సంకేతాన్ని పనే మధ్యమధ్య చూసుకుని ఆగాలి. జావాలో అలా బలవంతంగా ఆపే థ్రెడ్ స్టాప్‌ను వాడవద్దని 1998 నాటి 1.2 కూర్పులోనే ప్రకటించారు.