గుడారాలకన్నా ముందు గొడ్డళ్ళు

టొరంటోలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు వేసవిలో క్యాంపింగ్ అనుకోగానే తలచుకునే పేర్లలో అల్గాంక్విన్ పార్కు ఒకటి. కారులో ఉత్తరంగా మూడు గంటల దారి. 60వ నంబరు హైవే ఈ పార్కు దక్షిణ భాగంలో 56 కిలోమీటర్లు సాగుతుంది. రోడ్డు పక్కనే ఏదో ఒక సరస్సు ఒడ్డున గుడారం వేసి, పిల్లల్ని నీళ్ళలో ఆడించుకుని వచ్చేవాళ్ళే ఎక్కువ. పడవ వేసుకుని లోపలికి వెళ్ళేవాళ్ళకు మాత్రం 7,600 చదరపు కిలోమీటర్లకు పైబడిన అడవీ, 2,400 పైచిలుకు సరస్సులూ ఎదురుచూస్తుంటాయి.

ఒంటారియో ప్రభుత్వం 1893లో ఈ పార్కును ఏర్పాటు చేసింది. చట్టంలో ప్రజల ఆరోగ్యం, విహారం అన్న మాటలున్నాయి. అయితే పెద్దల అసలు దిగులంతా నీళ్ళ గురించి, కలప గురించి. పంతొమ్మిదో శతాబ్దంలో దశాబ్దాల తరబడి ఇక్కడి వైట్ పైన్ చెట్ల మీద గొడ్డలి పడుతూనే ఉంది. చలికాలంలో నరికిన మానుల్ని, మంచు కరిగి ఏరులు పొంగినప్పుడు ఒట్టావా నది వైపు వదిలేవారు. నాలుగు పక్కలా చెక్కిన దూలాలు క్విబెక్ రేవులో ఓడలెక్కి బ్రిటన్‌కు చేరేవి. కలపవాళ్ళ వెనకే భూమి వెతుక్కుంటూ రైతులు వచ్చారు. అదంతా రాతినేల, సేద్యానికి లొంగదు. పొలం కోసం పెట్టిన నిప్పు మాత్రం అడవినంతా చుట్టబెట్టగలదు.

ఆ ప్రమాదాన్ని ముందుగా పసిగట్టినవాడు ప్రభుత్వ భూముల శాఖలో గుమాస్తా అలెగ్జాండర్ కిర్క్‌వుడ్. మస్కోకా, మాడవాస్కా, పెటవావా వంటి నదులు పుట్టేది ఈ ఎత్తునేలలోనే. చెట్లు పోతే నీరు నిలవదని అతను 1880లలోనే రాశాడు. ఆ ప్రాంతమంతా కొలతలు వేస్తూ తిరిగిన సర్వేయర్ జేమ్స్ డిక్సన్ తోడయ్యాడు. 1892లో వేసిన రాయల్ కమిషన్‌కు కిర్క్‌వుడ్డే అధ్యక్షుడు. మరుసటి ఏడాది పార్కు వచ్చింది. రైతు నాగలికీ వేటగాడి తుపాకికీ అడ్డుకట్ట పడింది. కలప కంపెనీలు తమ పని తాము చేసుకుంటూనే పోయాయి.

విహారయాత్రికుల్ని తీసుకొచ్చింది కూడా కలపే. ఒట్టావా కలప వ్యాపారి జె.ఆర్. బూత్ తన సరుకు కోసం 1890లలో పార్కు మీదుగా రైలుదారి వేయించాడు. రైలు వచ్చాక పట్నవాసులు వచ్చారు. 1908లో కాష్ సరస్సు ఒడ్డున హైలాండ్ ఇన్ అనే హోటల్ వెలిసింది.

ఆ రైలు దారి పట్టినవాళ్ళలో చిత్రకారుడు టామ్ థామ్సన్ ఒకడు. మొదటిసారి 1912లో వచ్చాడు, ఆపై ఏటా వచ్చాడు. వేసవిలో గైడుగానో, కార్చిచ్చులు కనిపెట్టే కాపలాదారుగానో పనిచేస్తూ చిన్న చిన్న చెక్కపలకల మీద బొమ్మలు వేశాడు. కనూ సరస్సు పక్కన, రంపపు మిల్లు మూతపడి పాడుబడ్డ మోవాట్ ఊళ్ళో అతని మకాం. 1917 జూలై 8న ఒంటరిగా పడవలో వెళ్ళాడు. ఎనిమిది రోజులకు శవం తేలింది. అప్పటికి అతనికి 39 ఏళ్ళు. ఎలా పోయాడన్న వాదన ఇప్పటికీ తెగలేదు. అతని మిత్రులు 1920లో ‘గ్రూప్ ఆఫ్ సెవెన్’గా ఏర్పడి కెనడా చిత్రకళకు కొత్త దారి వేశారు. నీటి ఒడ్డున గాలికి వంగిన పైన్ చెట్టంటే తమ దేశమేనని కెనడావాళ్ళకు అనిపించేలా చేసింది థామ్సన్ అని నా నమ్మకం. ఏ చట్టమూ ఆ పని చేయలేదు.

1930లలో హైవే వచ్చింది, కార్లు పెరిగాయి. అడవిని మళ్ళీ అడవిలా ఉంచాలన్న పట్టుదలా పెరిగింది. హైలాండ్ ఇన్‌ను ప్రభుత్వమే కొని 1957లో పడగొట్టించింది. తోడేళ్ళ సంగతి ఇంకా గొప్పది. దశాబ్దాల తరబడి పార్కు సిబ్బందే వాటిని చంపేవారు. 1950ల చివర డగ్లస్ పిమ్లాట్ బృందం పరిశోధన మొదలుపెట్టాక ఆ వేట ఆగింది. మనిషి ఊళ వేస్తే తోడేలు బదులిస్తుందని వాళ్ళు గమనించారు. 1963 ఆగస్టులో ఆ పిలుపూ బదులూ వినడానికి రమ్మని జనాన్ని పిలిస్తే వందలమంది కార్లలో తరలివచ్చారు. తోడేళ్ళ గుంపు రోడ్డుకు దగ్గర్లో ఉన్నప్పుడు ఆగస్టు నెలలో ఇప్పటికీ ఆ ఆనవాయితీ నడుస్తోంది.

లోపలి సరస్సులకు వెళ్ళేవాళ్ళు డబ్బాలు, గాజుసీసాలు తీసుకెళ్ళకూడదు. రాత్రిపూట ఎలుగుబంట్లకు అందకుండా తిండిమూటను చెట్టుకు ఎత్తుగా కట్టాలి. నారింజరంగు బోర్డు ఉన్నచోటే గుడారం వేయాలి. పసుపు బోర్డు కనిపిస్తే అక్కడినుంచి పడవను భుజానికెత్తుకుని పక్క సరస్సుకు నడవాలి. ఈ మోతదారుల్లో పార్కుకన్నా ఎంతో పాతవి ఉన్నాయి. బర్చ్ బెరడు పడవలు మోస్తూ అల్గాంక్విన్ జాతి జనం నడిచి నడిచి ఏర్పరిచినవి. పార్కుకు వాళ్ళ పేరు పెట్టినవాళ్ళు వాళ్ళ అనుమతి మాత్రం అడగలేదు. ఈ నేలను తామెన్నడూ ఒప్పందం రాసి వదులుకోలేదని అల్గాంక్విన్లు తరతరాలుగా చెబుతున్నారు. 2016లో కెనడా, ఒంటారియో ప్రభుత్వాలు వాళ్ళతో ప్రాథమిక ఒప్పందం మీద సంతకాలు చేశాయి. 1,17,500 ఎకరాలు, 30 కోట్ల డాలర్లు అందులోని మాట. పార్కు పార్కుగానే ఉంటుంది. దానిలో కలప కొట్టడమూ, నిర్ణీత మండలాల్లో, కొనసాగుతూనే ఉంది.