గున్నమ్మ స్తూపం, మా గువార్ రాళ్ళు

మందస మండలం గుడారి రాజమణిపురంలో వీరగున్నమ్మ స్తూపం ఉంది. ఏటా ఏప్రిల్ 1న రైతు సంఘాల వాళ్ళు, ఊరి వాళ్ళు అక్కడ చేరి దండలు వేస్తారు, నాలుగు మాటలు చెబుతారు. 2020 ఏప్రిల్ 1కి ఆమె చనిపోయి సరిగ్గా ఎనభై ఏళ్ళు. అది లాక్‌డౌన్‌లో ఎనిమిదో రోజు కూడా. జనం గుమిగూడకూడదన్నారు. మా సవర ఊళ్ళో బయటివాళ్ళు రాకుండా దారికి అడ్డంగా దుంగలు వేశాం. కింద జాతీయ రహదారి మీద ఒడిశా వైపు కాలినడకన పోతున్న వాళ్ళ సంగతులు ఫోన్లలో వినేవాళ్ళం. ఉద్దానం తీరం నుంచి వేటకు గుజరాత్ వెళ్ళిన మత్స్యకారులు వేరావల్ రేవులో చిక్కుకుపోయారు. ఏప్రిల్ నెలాఖరు దాకా వాళ్ళను తెచ్చే బస్సులు కదల్లేదు. అలాంటి రోజుల్లో స్తూపం సంగతి ఎవరికి పడుతుంది? నాకూ పట్టలేదు. రాత్రి పడుకోబోతుంటే తేదీ గుర్తొచ్చింది.

యుద్ధకాలపు గుర్తులు అనగానే మన పిల్లలు విశాఖ బీచ్‌లోని విక్టరీ ఎట్ సీ స్తూపం పేరు చెబుతారు, లేదా కురుసుర జలాంతర్గామి అంటారు. రెండూ 1971 యుద్ధానివి. రెండో ప్రపంచ యుద్ధం గురించి అడిగితే, 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద బాంబులు వేశాయని బాగా చదివిన పిల్లవాడు చెబుతాడు. గున్నమ్మను మాత్రం ఎవరూ యుద్ధం లెక్కలో కలపరు. తేదీలు పక్కపక్కన పెట్టి చూస్తే కలపాల్సిందే అనిపిస్తుంది.

1939 సెప్టెంబర్ 3న బ్రిటన్ యుద్ధం ప్రకటించింది. మనల్ని ఒక్క మాటైనా అడక్కుండా వైస్రాయ్ ఇండియా కూడా యుద్ధంలో ఉందనేశాడు. దానికి నిరసనగా అక్టోబర్‌లో మద్రాసులో రాజాజీ మంత్రివర్గం రాజీనామా చేసింది, గవర్నర్ పాలన వచ్చింది. ఆ మంత్రివర్గం ఉన్నప్పుడే జమీందారీ రైతుల బాధలు విచారించడానికి టంగుటూరి ప్రకాశం అధ్యక్షతన ఒక కమిటీ వేశారు. భూమికి అసలు హక్కుదారు రైతేనని ఆ కమిటీ 1938లో తేల్చి చెప్పింది. అది చట్టం కాకముందే యుద్ధం వచ్చిపడింది. జమీందారీల రద్దు చట్టం కోసం 1948 దాకా ఆగాల్సి వచ్చింది. మందస రైతులు అడవి మీద హక్కు అడిగింది ఈ మధ్యకాలంలోనే. చట్టసభలో వాళ్ళ తరఫున అడిగే మంత్రి లేడు, పోలీసులు గవర్నర్ చేతిలో ఉన్నారు.

1940 మార్చి చివరలో పలాసలో అఖిల భారత కిసాన్ సభ మహాసభ జరిగింది. ఆ వేడి చల్లారకముందే మందస జమీ రైతులు నాగళ్ళకు, ఇళ్ళకు కావలసిన కలప కోసం అడవిలోకి వెళ్ళారు. అడవి జమీందారుదన్నారు, కర్ర కొట్టడం నేరమన్నారు. నాయకులను పట్టుకోవడానికి పోలీసులు ఊళ్ళోకి వచ్చారు. ఆడవాళ్ళు ముందుకొచ్చి అడ్డంగా నిలబడ్డారు. కాల్పుల్లో సాసుమాన గున్నమ్మతో సహా ఐదుగురు చనిపోయారు. ఆమె అప్పటికి కడుపుతో ఉందని ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఈ కథలో నాకు ఎప్పుడూ ఒక వెలితి కనిపిస్తుంది. రైతులున్నారు, జమీందారు ఉన్నాడు, పోలీసులున్నారు. వాళ్ళు ఏ అడవి కోసం కొట్లాడారో, ఆ కొండల్లో ఉన్న సవరలు ఎక్కడ? కలప కొట్టిన రోజున మా వాళ్ళు ఏం చూశారు? ఎవరి పక్కన నిలబడ్డారు? నిలబడకపోతే ఎందుకు నిలబడలేదు? సభల్లో ఈ ప్రశ్న అడగగా నేను వినలేదు. మేమూ అడగలేదు.

చనిపోయిన వాళ్ళకు రాయి నిలబెట్టడం మాకు కొత్త కాదు. సవరలు దాన్ని గువార్ అంటారు, రాయి నాటడమని అర్థం. ఎవరైనా పోతే కొంతకాలానికి బంధువులంతా చేరి, వాళ్ళ పేరున రాయి నిలబెట్టి, దున్నపోతును కోసి, పెట్టుపోతలు చేస్తారు. అసలు సంగతి మాత్రం మాటల్లో ఉంటుంది. పూనకంలో కూర్చున్న మనిషి నోట పోయినవాళ్ళు మాట్లాడతారు. నన్ను ఎందుకు పట్టించుకోలేదు, నా పొలం ఎవరు దున్నుతున్నారు అని నిలదీస్తారు. బతికున్నవాళ్ళు జవాబు చెబుతారు, ఏడుస్తారు, ఒక్కోసారి గట్టిగా వాదిస్తారు. కొన్ని ఊళ్ళలో మతం మారి ఇది ఆగిపోయింది, కొన్ని చోట్ల ఖర్చు భరించలేక తగ్గింది. ఎవరు మానినా తప్పుపట్టను. కానీ రాయి దగ్గర మాట్లాడాలన్న తెలివి మా పెద్దలకు ఉండేది. ఏడాదికోసారి దండ వేసి వచ్చేస్తే రాయి రాయిలాగే ఉండిపోతుంది.

ఇక నా తప్పు. మా ఊళ్ళో ఒక తాత ఉండేవాడు. మందస కాల్పుల నాటికి పదేళ్ళవాడినని చెప్పేవాడు. నాగలి కర్రలు, కాడి కర్రలు నెత్తిన పెట్టుకొని వాళ్ళ నాన్న కిందికి దిగేవాడట. ఉప్పు, బియ్యం తీసుకొని ఎక్కేవాడట. ఆ ఏడాది అడవిలో జరిగిన గొడవ గురించి మాట మొదలుపెట్టి మధ్యలో ఆపేసేవాడు. ఒకరోజు పుస్తకం పట్టుకొని కూర్చుంటాను, మొదటి నుంచి చెప్పు తాతా అన్నాను. పంట కోతల తర్వాత అనుకున్నాం. తర్వాత పరీక్షలు, తర్వాత ఎన్నికల పనులు, తర్వాత కరోనా. లాక్‌డౌన్‌లో మా ఇంటికి వాళ్ళింటికి మధ్య పది గుమ్మాలే. ముసలివాళ్ళ దగ్గరికి పోవద్దని అందరికీ చెప్పిన మాస్టారిని నేనే, ఎలా పోతాను? మరుసటి ఏడాది వేసవిలో ఆయన పోయాడు. జ్వరమన్నారు. పరీక్ష ఎవరూ చేయలేదు.

1940 గుర్తున్న మనిషికి 2020లో తక్కువలో తక్కువ ఎనభై అయిదో, తొంభయ్యో ఉంటాయి. కరోనా ఎక్కువగా తీసుకుపోయింది అలాంటి వాళ్ళనే. కింద ఉద్దానంలో కిడ్నీ జబ్బుతో డయాలసిస్ కోసం వారానికి రెండు మూడు సార్లు పలాసకో, సోంపేటకో, టెక్కలికో తిరగక తప్పని పెద్దవాళ్ళున్నారు. స్తూపం ఇంకో ఎనభై ఏళ్ళు నిలబడుతుంది. వీళ్ళు ఆగరు.

ఆ నష్టం చరిత్ర పుస్తకంతో ఆగదు. అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చింది, 2008 జనవరి 1న నియమాలు వచ్చాయి. మన సాగు 2005 డిసెంబర్ 13 కంటే ముందు నుంచీ ఉందని చూపాలి. ఆధారం ఒకటే ఉంటే చాలదు. ఏవి ఆధారాలవుతాయో నియమాల్లోని జాబితా తీసి చదవండి. హక్కు అడిగినవాడు కాకుండా వేరే పెద్దమనిషి చెప్పిన మాటను రాతలో పెడితే అది ఆధారం. పాత శ్మశానం ఆధారం, దేవుడి చోటు ఆధారం. అంటే మా గువార్ రాళ్ళున్న చోటు కూడా గ్రామసభ ముందు పెట్టదగ్గదే. ఆ తాత మాట నేను రాసి పెట్టి ఉంటే రెండు పనులు జరిగేవి. గున్నమ్మ కథలో కొండ వైపు ఏం జరిగిందో తెలిసేది, మా ఊరి దరఖాస్తుల్లో ఒక కాగితం చేరేది. యువకులకు నేను చెప్పేది ఇదే: సభ పెట్టడానికి ముందు ఆ కాగితం రాయండి. పేరు, ఊరు, సుమారు వయసు, చెప్పిన తేదీ వేయండి. సవరలో చెబితే సవరలోనే రాసి పక్కన తెలుగు పెట్టండి. పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులు అలాగే మన వాళ్ళను కూర్చోబెట్టుకొని మన భాష నేర్చుకున్నారు, వ్యాకరణం, నిఘంటువు చేశారు. ఆయన పోయింది కూడా 1940లోనే, జనవరి 22న. గున్నమ్మ కంటే రెండు నెలల ముందు.

అదే 2020లో జులై 10న వెంపటాపు సత్యనారాయణ, ఆదిభట్ల కైలాసం చనిపోయి యాభై ఏళ్ళయింది. అప్పటికీ సభల మీద ఆంక్షలున్నాయి. వాళ్ళు ఎన్నుకున్న దారి గురించి మనలో మనకు భేదాలున్నాయి, ఉండనీ. ఇద్దరూ బడి పంతుళ్ళు, ఏజెన్సీ పిల్లలకు చదువు చెప్పినవాళ్ళు. పలాస దగ్గర బొడ్డపాడులో ఆ పోరాటంలో పోయినవాళ్ళ స్తూపం ఉంది. అక్కడా ముసలివాళ్ళే మిగిలారు. ఆ ఏడాది పిల్లలకు దూరదర్శన్ సప్తగిరిలో పాఠాలు వచ్చేవి. మా పైఊళ్ళలో టీవీ ఉన్న ఇల్లు ఒకటో రెండో, కరెంటు ఉంటే ఉన్నట్టు. పాఠం అందని ఆ నెలల్లో ప్రతి పిల్లవాడి ఇంట్లో తాతో, అవ్వో ఊరికే కూర్చొని ఉన్నారు. మాస్టర్లకు ఆ ఆలోచన రాలేదు. మాస్టర్లంటే నాతో కలిపి.

ఆంక్షలు పోయాక ఒక ఏప్రిల్‌లో ఆరుగురు పిల్లలను స్తూపం దగ్గరికి తీసుకెళ్ళాను. కథంతా చెప్పాను. ఒక పిల్ల అడిగింది: “వాళ్ళు ఏ చెట్టు కొట్టారు మాస్టారూ?” నాకు తెలీదు. తిరిగొచ్చి తాత చెల్లెలి దగ్గర కూర్చున్నాం. ఏది నాగలికి, ఏది కాడికి, ఏది దూలానికి అని చెట్ల పేర్లు సవరలో చెప్పుకుంటూ పోయింది. తెలుగు పేర్లు కొన్నింటికి మాకు దొరకలేదు. చెబుతూ చెబుతూ మధ్యలో ఆగి, “ఇవన్నీ ఇప్పుడు రాసుకుని ఏం చేస్తార్రా?” అంది. రాస్తున్న కుర్రాడు తలెత్తకుండా ఆ మాట కూడా రాసేశాడు.