హెరాల్డ్ పికప్ ఎక్కడ పోయింది?

మన మద్రాసు శివారు వండలూరులో స్టాండర్డ్ కంపెనీ 1961 నుంచి చేసిన హెరాల్డ్‌కీ, బ్రిటన్‌లో 1962లో వచ్చిన ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ స్పోర్ట్స్ కారుకీ ఛాసిస్ ఒకే వంశం. షోలవరం రన్‌వే మీద రేసుల్లోనూ హెరాల్డ్‌లు పరుగెత్తాయి. తొలి బళ్ళది 948 సీసీ ఇంజనే. కాస్త శక్తి తగ్గినా తెలిసిపోతుంది.

హెడ్ దింపి బిగించాక పికప్ పోతే మెకానిక్కులు ముందు కార్బురేటర్ మీద పడతారు, పాపం! రిపేరులో చెయ్యిపడ్డ చోటే ముందు వెతకాలి: ట్యాపెట్ల సందు, పాయింట్ల గ్యాప్, డిస్ట్రిబ్యూటర్ టైమింగ్. స్పార్క్ ఆలస్యమైతే మంట బలం పిస్టన్‌కు వేళకు అందదు; ఇంజన్ వేడెక్కుతుంది, బండి మాత్రం ఈడ్చుకుంటూ పోతుంది. కంప్రెషన్ బాగుంటే ఇంజన్ మళ్ళీ విప్పనివ్వకండి. ఫ్యాక్టరీ ఎప్పుడో మూతపడింది. విరిగిన స్టడ్డుకు కూడా పాత సామాన్ల కొట్ల చుట్టూ తిరగాలి.