సీ హాక్: ఒక చిన్న నమూనా, ఒక పెద్ద చరిత్ర

నమూనా విమానాలు చేయడం పిల్లల సరదా అని చాలామంది అనుకుంటారు. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. ఈ పని చరిత్రలో బడిపిల్లల పాత్ర పెద్దదే. 1942లో యుద్ధం జోరుగా సాగుతుండగా అమెరికా నౌకాదళం అక్కడి హైస్కూలు విద్యార్థులను 5 లక్షల నమూనా విమానాలు చేసి ఇవ్వమని కోరింది. ఆకాశంలో కనిపించే విమానం మనదా, శత్రువుదా అని చూడగానే పోల్చుకునే శిక్షణకు అవి అవసరమయ్యాయి. కొలత 1/72. అంటే అసలులో 6 అడుగులు నమూనాలో 1 అంగుళం. దాన్ని 35 అడుగుల దూరంలో పట్టుకుంటే అసలు విమానం దాదాపు అర మైలు దూరంలో ఉన్నట్టే. వడ్రంగం గదిలో ఉప్పుకాగితం పట్టిన పిల్లవాడి చేతిలో కొలత తప్పితే ఎక్కడో ఒక సైనికుడి చూపు తప్పుతుంది. ప్లాస్టిక్ కిట్లలో ఈ కొలత నేటికీ బాగా వాడుకలో ఉంది.

వృత్తిరీత్యా నేను ఇంజినీరును. తీరిక వేళల్లో చేసే నమూనాల్లో నౌకాదళ జెట్లంటే నాకు ఎక్కువ ఇష్టం. పొట్టి డెక్కు, కదిలే ఓడ, చోటు కరువు. ఈ ఇబ్బందులకు చెప్పిన జవాబులన్నీ ఆ విమానం ఒంటిమీద కనిపిస్తాయి. బ్రిటన్‌లో రూపొందిన హాకర్ సీ హాక్‌నే చూడండి. రెక్కల విస్తీర్ణం 11.89 మీటర్లు, మడిస్తే సుమారు 4 మీటర్లే. తోక కింద ఉన్న హుక్కు డెక్కుమీది ఉక్కు తాడును పట్టుకుని విమానాన్ని ఆపుతుంది. ఇంజిను ఒక్కటే, రోల్స్ రాయిస్ నీన్. కానీ పొగగొట్టం లోపల రెండుగా చీలి, రెక్కల మొదట్లో చెరోవైపు బయటికి వస్తుంది. దానివల్ల వెనక భాగంలో ఇంధనానికి చోటు మిగిలింది. ఈ సంగతి చదివితే ఒక వాక్యం. అతికించే ముక్క చేతిలో ఉన్నప్పుడు అది పాఠం.

ఈ విమానం మన నౌకాదళంలోకి విక్రాంత్‌తో వచ్చింది. బ్రిటన్ సగంలో ఆపేసిన హెర్క్యులిస్ అనే ఓడను మన దేశం 1957లో కొన్నది. అది 1961 మార్చి 4న బెల్‌ఫాస్ట్‌లో విక్రాంత్‌గా సేవలో చేరింది. సీ హాక్‌లు నడిపినది 300వ స్క్వాడ్రన్, దాని గుర్తు తెల్లపులి. ఆ తరువాత పశ్చిమ జర్మనీ వాడిన సీ హాక్‌లు కూడా కొన్ని మనకు వచ్చాయి. వాటి తోక రెక్క కాస్త ఎత్తు. అందుకే నమూనా చేసేవాడు ముందు వేసుకోవలసిన ప్రశ్న: ఏ విమానం, ఏ సంవత్సరం?

1971 నాటికి విక్రాంత్ నాలుగు బాయిలర్లలో ఒకటి పనికిరాకుండా ఉంది. బాయిలరు తగ్గితే ఓడ వేగం తగ్గుతుంది. వేగం తగ్గితే డెక్కుమీద ఎదురుగాలి తగ్గుతుంది. విమానం లేవడానికీ, దిగడానికీ ఆ గాలే ఆసరా. అటువంటి ఓడ మీది నుంచే డిసెంబరు 4న సీ హాక్‌లు లేచి కాక్స్ బజార్, చిట్టగాంగ్‌ల మీద దాడి చేశాయి. విక్రాంత్‌ను వెతుకుతూ వచ్చిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ అప్పటికే మన విశాఖ తీరానికి దగ్గరలో మునిగిపోయింది. విశాఖ బీచ్ రోడ్డులోని యుద్ధ స్మారకం ఆ రోజులదే.

1983లో సీ హారియర్లు వచ్చాయి, సీ హాక్‌లు తప్పుకున్నాయి. విక్రాంత్ 1997 జనవరి 31న సేవ విరమించింది. కొన్నేళ్లు ముంబైలో మ్యూజియంగా నిలిచి, 2014లో తుక్కు కింద ముక్కలైంది. ఆ లోహంలో కొంత మోటారు సైకిళ్లలో చేరింది. సీ హాక్‌ను చూడాలంటే ఇప్పుడు గోవాలోని నౌకాదళ విమాన మ్యూజియం దాకా వెళ్లాలి. అంత దూరం వెళ్లలేని పిల్లవాడికి మిగిలేది బొమ్మ, లేదా నమూనా. రెండింటికీ తేడా నిజాయితీలోనే ఉంది.

అందుకే ప్రదర్శనలో నేను కొన్ని నియమాలు పాటిస్తాను. విమానం పేరు, స్క్వాడ్రను, సంవత్సరం, కొలత, ఈ నాలుగూ రాసిన చీటీ లేకుండా ఏ నమూనానూ బల్లమీద పెట్టను. పక్కన అంగుళం ఎత్తు మనిషిని నిలబెడతాను. అప్పుడే చూసేవారికి పరిమాణం తెలుస్తుంది. ఒక రెక్క చాచి, మరొకటి మడిచి ఉంచుతాను. ఎండ తగలని అద్దాల పెట్టెలో పెడతాను.

స్వర్ణోత్సవ సందర్భంగా అటువంటి సీ హాక్ ఒకటి మన పాఠశాలకు ఇస్తున్నాను. ఉపాధ్యాయులకు ఒక మనవి. విక్రాంత్ పొడవు 1/72లో దాదాపు 3 మీటర్లు. వరండాలో సుద్దముక్కతో అంత డెక్కు గీయించి, నమూనాను దానిమీద పెట్టి, ఈ చోటులో విమానం ఎలా ఆగుతుందో పిల్లల్నే అడగండి. పూర్వ విద్యార్థులు తమ తమ వృత్తుల నుంచి ఒక్కొక్క నమూనా చేర్చితే ఆ అద్దాల పెట్టె నిండుతుంది. వంతెన కట్టినవారు వంతెన, రైలు నడిపినవారు ఇంజిను ఇవ్వవచ్చు. చీటీ మాత్రం మరవకండి.