అంకుల్ (బంధువాచకం)

అంకుల్: తల్లి సోదరుడు, తండ్రి సోదరుడు, మేనత్త భర్త, పిన్ని లేదా పెద్దమ్మ భర్త, వీరందరికీ ఇంగ్లీషులో ఉన్న ఒకే ఒక్క బంధువాచకం. తెలుగువారి వాడుకలో మాత్రం ఇది ముఖ్యంగా బంధువు కాని పెద్దవారిని మర్యాదగా పిలిచే పిలుపు. హైదరాబాదులో సైబరాబాద్ అని పిలిచే హైటెక్ సిటీ, గచ్చిబౌలి, కొండాపూర్ ప్రాంతాల అపార్ట్‌మెంట్లలో పిల్లల నోట నిత్యం వినిపిస్తుంది.

పుట్టుక

ఈ మాటకు మూలం లాటిన్ పదం ‘అవుంకులుస్’. ‘అవుస్’ అంటే తాత. అవుంకులుస్ అంటే ‘చిన్న తాత’. రోమన్లు తల్లి సోదరుణ్ని, అంటే మేనమామను మాత్రమే ఇలా అనేవారు. తండ్రి సోదరుడికి ‘పత్రుఉస్’ అనే వేరే మాట ఉండేది. పాత ఫ్రెంచిలో ‘ఓంక్ల్’ అయ్యేసరికి ఈ తేడా చెరిగి, ఇద్దరికీ ఒకటే పేరు మిగిలింది.

పాత ఇంగ్లీషులోనూ మేనమామకు ‘ఏఆమ్’, తండ్రి సోదరుడికి ‘ఫాదెరా’ అని విడివిడిగా పేర్లుండేవి. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచాక ఫ్రెంచి ఏలికల భాష అయింది. 13వ శతాబ్దం చివరికి ‘అంకుల్’ ఇంగ్లీషులోకి వచ్చింది. పాత మాటలు మెల్లగా మరుగున పడ్డాయి. దీని జంటపదం ‘ఆంట్’ కూడా ఫ్రెంచి దారినే వచ్చింది. దాని మూలమైన లాటిన్ ‘అమిత’కు అర్థం మేనత్త.

అర్థవిస్తరణ

షేక్‌స్పియర్ ‘కింగ్ లియర్’ నాటకంలో విదూషకుడు రాజును ‘నంకుల్’ అని పిలుస్తాడు. ‘మైన్ అంకుల్’ అన్నప్పుడు మొదటి మాట చివరి నకారం రెండోదానికి అంటుకోగా ఏర్పడిన రూపమిది. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో ‘అంకుల్’ అన్న పిలుపుకు చేదు చరిత్ర ఉంది. వయసు మళ్లిన నల్లజాతి బానిసలను ‘మిస్టర్’ అని గౌరవించడం ఇష్టంలేని తెల్లవారు ‘అంకుల్’ అనేవారు. 1852లో పుస్తకంగా వెలువడిన హారియట్ బీచర్ స్టోవ్ నవల ‘అంకుల్ టామ్స్ క్యాబిన్’ పేరులో ఉన్నది ఆ పిలుపే.

తెలుగు వరసలు

అంకుల్ అనే ఒక్క మాటలో ఇమిడినవారిని తెలుగు రెండు వరసలుగా విడదీస్తుంది. తండ్రి సోదరుడూ, తల్లి సోదరి భర్తా పెదనాన్న, బాబాయి వరస. తెలంగాణలో చిన్నాయన, కాక అని కూడా అంటారు. తల్లి సోదరుడూ, మేనత్త భర్తా మామ వరస. బాబాయి పిల్లలు అన్నాచెల్లెళ్లు. మామ పిల్లలు బావామరదళ్లు, పెళ్లికి వరసైనవారు. ‘మేను’ అంటే ఒళ్లు. మేనమామ, మేనత్త, మేనరికం అన్న మాటల్లో ఉన్నది అదే. అమెరికన్ పండితుడు లూయిస్ హెన్రీ మోర్గాన్ 1871లో ప్రచురించిన బంధుత్వ పదపట్టికల్లో తమిళంతోపాటు తెలుగు వరసలకూ చోటిచ్చాడు. థామస్ ట్రాట్‌మన్ 1981లో ఈ పద్ధతిపై ‘ద్రవిడియన్ కిన్‌షిప్’ అనే గ్రంథం వెలువరించాడు.

సైబరాబాద్‌లో వాడుక

పల్లెలో బంధువు కానివారితోనూ వరస కలుపుకుని ‘బాబాయ్’ అనో ‘మామా’ అనో పిలుచుకునే అలవాటుంది. అలా పిలిచాక వారి పిల్లలు ఏమవుతారో కూడా తేలిపోతుంది. 1998 నవంబరులో మాదాపూర్‌లో ఐటీ కార్యాలయాల భవనం సైబర్ టవర్స్ ప్రారంభమయ్యాక ఉద్యోగాల కోసం అన్ని జిల్లాల నుంచీ, ఇతర రాష్ట్రాల నుంచీ వచ్చినవారు ఒకే అపార్ట్‌మెంటులో ఇరుగుపొరుగయ్యారు. ఎదురింటివారిది ఏ ఊరో, ఏ భాషో తెలియనిచోట వరస ఎలా కలపాలి? అంకుల్, ఆంటీ అన్న పిలుపులు ఆ చిక్కు తీర్చాయి. అవి ఏ వరసా కలపవు, ఏ వరసా కాదనవు. పెద్దరికాన్ని మాత్రం గౌరవిస్తాయి. తెలుగు, హిందీ, తమిళం మాట్లాడే పిల్లలంతా ఒకే లిఫ్టులో ఒకే పిలుపుతో పలకరించగలుగుతున్నారు. విదేశాల్లో పెరిగే తెలుగు పిల్లలు తల్లిదండ్రుల స్నేహితులను పిలిచేదీ ఇలాగే.

అయితే ఈ మాట చాలా ఇళ్లలో మావయ్యనూ బాబాయినీ తోసేయలేదు. గడప బయటివారికి అంకుల్, లోపలివారికి వరస పేరు అని పిల్లలు చిన్నప్పుడే నేర్చుకుంటారు. పెళ్లినాడు వధువును గంపలో కూర్చోబెట్టి మండపానికి తీసుకురమ్మన్నప్పుడు పురోహితుడు కేక వేసేది మేనమామ కోసమే. రోమన్లు అవుంకులుస్ అన్నది కూడా ఆయననే.