దిగంబర ఫకీరు చెప్పిన తోరా

అబ్దుల్లా కుతుబ్‌షా ఏలుతున్న రోజుల్లో, 1647లో, ఒక పారశీక గ్రంథకర్త హైదరాబాదు వచ్చాడు. లోకంలోని మతాలన్నిటినీ ఒకే పుస్తకంలోకి ఎక్కించాలని ఆయన పట్టుదల. యూదుల దగ్గరికొచ్చేసరికి బండి ఆగింది. వాళ్ల గురించి పరాయివాళ్లు రాసిన రాతలు ఆయనకు నమ్మబుద్ధి కాలేదు. తెలిసిన యూదుడే నోరు విప్పి చెప్పాలి. ఆ నోరు చివరికి మన ఊళ్లో దొరికింది.

ఆయన పేరు సర్మద్. యూదు మతగురువులైన రబ్బీల వంశంలో పుట్టి, ముస్లిం అయి, వ్యాపారం మీద సింధుకు వచ్చి, అక్కడ అభయ్‌చంద్ అనే హిందూ కుర్రాడి మీద మనసుపడి, ఒంటిమీది బట్టలతో సహా అన్నీ వదిలేసిన కవి. అభయ్‌చంద్ యూదుల ధర్మగ్రంథం తోరాలోని మొదటి అధ్యాయాలు కొన్నిటిని పారశీకంలో పెడితే సర్మద్ సరిచూశాడు. అది ‘దబిస్తాన్-ఎ-మజాహిబ్’ అనే ఆ పుస్తకంలో చేరింది. పుస్తకం రాసిందెవరన్న సంగతి మీద పండితులు ఇంకా తగవు పడుతూనే ఉన్నారు, పడనివ్వండి. నాకు ముచ్చటేసింది ఆ గ్రంథకర్త పట్టింపు చూసే. ఎవరి మతం సంగతి వాళ్లనే అడగాలన్న ఈ బుద్ధి ఎక్కడ పుట్టింది?

వెనక్కి వెళ్తే పదో శతాబ్దపు బాగ్దాదు తగులుతుంది. అండలూసియా నుంచి వెళ్లిన ఇబ్న్ సాదీ అనే ముస్లిం అక్కడి వాదసభకు రెండుసార్లు పోయాడు. ముస్లింలు, యూదులు, క్రైస్తవులు, అగ్నిపూజకులు, దేవుడే లేడనేవాళ్లు, అందరూ అక్కడే. అక్కడి కట్టుబాటు ఒక్కటే: ఎవరూ తమ గ్రంథాన్ని సాక్ష్యంగా తేకూడదు, తర్కంతోనే నెగ్గాలి. పెద్దమనిషికి ఒళ్లు మండి మళ్లీ ఆ గడప తొక్కలేదు. తిరిగొచ్చి ఆ ఘోరం నలుగురికీ చెప్పాడు కాబట్టే ఆ సభ సంగతి మనదాకా వచ్చింది. ఒక్కోసారి కోపిష్టివాళ్లే మంచి చరిత్రకారులు.

నాకు మాత్రం ఈ సభల కన్నా కైరో పక్కనున్న ఫుస్తాత్ ఎక్కువ ఇష్టం. మహాపండితుడు మైమోనిడీస్ 1204లో పోయాక ఆయన కొడుకు అబ్రహాం ఇరవై ఏళ్లు నిండకుండానే ఈజిప్టు యూదుల పెద్ద అయ్యాడు. తండ్రిలాగే వైద్యుడు. కైరో ఆసుపత్రిలో ఆయనతో కలిసి పనిచేసిన ఇబ్న్ అబీ ఉసైబియా అనే ముస్లిం వైద్యుడు ఆయన పొడుగునూ, బక్కపలుచని ఒంటినీ, మాట తీరునూ మెచ్చుకుంటూ రాసి పెట్టాడు.

అబ్రహాంకు సూఫీలంటే ప్రాణం. ప్రార్థనకు ముందు కాళ్లు కడుక్కోవాలన్నాడు, వరసల్లో కూర్చోవాలన్నాడు, సాష్టాంగపడాలన్నాడు. ముస్లింలను చూసి నేర్చుకున్నావా అంటే ఆయన జవాబు వినండి: ఇవన్నీ మన ప్రవక్తల ఆచారాలే, మనం పారేసుకుంటే పక్కింటివాళ్లు భద్రంగా దాచారు! మన పాత బిందె పక్కింట్లో కనబడితే దొంగ అనకుండా దండం పెట్టినట్టు. సాటి యూదులకు ఇది మింగుడుపడక సుల్తాను అల్-ఆదిల్‌కు ఫిర్యాదు చేశారు. యూదుడు ముస్లిం పద్ధతులు పాటిస్తున్నాడని ముస్లిం పాలకుడి దగ్గర మొర! నా ఇంటి ప్రార్థన గదిలోనే చేస్తున్నాను, ఎవరినీ బలవంతపెట్టలేదు అని అబ్రహాం దాదాపు 200 మంది సంతకాలతో సమాధానం ఇచ్చుకున్నాడు.

అదేమీ స్వర్ణయుగం కాదు. ముస్లిమేతరుల మీద వేసే జిజియా పన్ను యూదులు కట్టాల్సిందే. మైమోనిడీస్ కుటుంబం కార్డోవా విడిచి వచ్చింది కూడా అల్‌మొహాదు పాలకుల వేధింపుల వల్లే. కానీ యూదులకూ ముస్లింలకూ మాట్లాడుకోవడానికి ఒకే భాష ఉండేది. మైమోనిడీస్ తన తత్త్వగ్రంథాన్ని అరబీలోనే, హీబ్రూ అక్షరాలతో రాశాడు. ఫుస్తాత్ యూదు ప్రార్థనామందిరపు పాత కాగితాల గది నుంచి సాలమన్ షెక్టర్ 1896-97లో కేంబ్రిడ్జికి మోసుకుపోయిన 1,90,000కు పైగా ముక్కల్లో సూఫీ హల్లాజ్ కవిత కూడా ఉంది, హీబ్రూ లిపిలో. నాకు బెంగ పుట్టించేది ఇదే. ఒకరి కవితను ఇంకొకరు తమ అక్షరాల్లో రాసుకుని దాచుకునే ఆ అరబీ ఇప్పుడు దాదాపు పోయింది. ఈనాటి సర్వమత సదస్సుల్లో చెవులకు యంత్రాలు తగిలించుకుంటే గానీ ఎదుటివాడి మాట అర్థం కాదు. జెరూసలేం, టెల్ అవీవ్ మధ్య ‘శాంతి ఒయాసిస్సు’ అనే ఊళ్లో 1984 నుంచి పిల్లలకు హీబ్రూ, అరబీ రెండూ నేర్పుతున్నారు. సదస్సుల కన్నా నాకు ఆ బడి మీదే గురి ఎక్కువ.

మధ్య శతాబ్దాలను దాటేస్తున్నాను. 1950-51లో ఇరాక్ యూదులు లక్షకు పైగా విమానాలెక్కి వెళ్లిపోయారు. బాగ్దాదు యూదులు కొందరు అంతకు నూటయాభై ఏళ్ల ముందు నుంచీ కలకత్తా చేరి, వ్యాపారాలు పెట్టి, 1884లో మాగెన్ డేవిడ్ ప్రార్థనామందిరం కట్టుకున్నారు. ఇప్పుడు అక్కడ యూదులను వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. వాళ్లు పెట్టిన యూదు బాలికల పాఠశాలలో చదివేది ఎక్కువగా ముస్లిం పిల్లలే. అక్కడి యూదు ప్రార్థనామందిరాలను చూసుకునేది ఒడిశా నుంచి వచ్చిన ముస్లిం కుటుంబాలు. తండ్రి తరవాత కొడుకు ఆ పనిలోకి వస్తాడు. గుళ్లో దీపాలు తుడుస్తాడు, బల్లల దుమ్ము దులుపుతాడు, నమాజు వేళకు మసీదుకు వెళ్లొస్తాడు.